నీరు రాకమునుపే పుట్టి బాగుచేయవలెను

ఒక వేసవినాడు ఉరవకొండ ప్రాంతమున ఒక చెరువుగట్టు మీదుగా నడచిపోవుచుంటిని. అది పేరునకే చెరువు. అడుగున నెర్రెలు విచ్చిన బంకమన్ను, అక్కడక్కడ తుమ్మచెట్లు, వాని నీడను మేకలమంద. చుక్క నీరు లేదు. గట్టు దిగువ చింతచెట్టు క్రింద ఒక పుట్టి బోర్లించియుండెను. పుట్టి మనవారెరుగనిది కాదు. వెదురుబద్దలతో పెద్ద గంపవలె అల్లి, వెలుపల పట్ట కప్పి, తారు పూసిన గుండ్రని పడవ. కన్నడ సీమలో హరిగోలు అందురు. ఆ పుట్టి క్రింద నుండి రెండు పాదములు మాత్రము బయటికి కనబడుచుండెను.

"లోపల ఎవరు నాయనా?" అని పిలిచితిని.

"నేనే సామీ! వెలుతురు చూస్తాండా" అని లోపలినుండి జవాబు వచ్చెను. కొంతసేపటికి ఒక ముసలివాడు ప్రాకుచు వెలుపలికి వచ్చెను. చేతిలో సుద్దముక్క, తలనిండ దుమ్ము.

"చెరువులో నీరే లేదు గదా, ఇప్పుడు పుట్టితో పనియేమి?" అని అడిగితిని.

ఆయన నవ్వి, "నీళ్లొచ్చినాక బాగుచేసుకుందామంటే కుదరదు సామీ. కుట్టు బిగియల్ల, తారు ఆరల్ల. నీళ్లు మనల్ని అడిగి రావు గదా! ఎండినప్పుడే ఈ పని" అనెను.

నేను ఆనాడొక మఠమునందు ప్రసంగించుటకు పోవుచుంటిని. చెప్పదలచిన మాటలను దారిపొడవునను కూర్చుకొనుచుంటిని. ఆ ముసలివాడు వానినన్నిటిని ఒక్క మాటలో చెప్పివేసెను. ఆ మాటనే నేడు మీ ముందుంచుచున్నాను.

ఎండిన సీమలో పడవ యేల?

అనంతపురము పేరు చెప్పగానే లోకమునకు కరవు గుర్తువచ్చును. పడమటి కనుమలు నైరుతి ఋతుపవనములను అడ్డగించును. తూర్పు సముద్రము దూరమగుటచే ఈశాన్య ఋతుపవనములు మన పీఠభూమికి చేరునప్పటికి బలహీనపడును. ఏడాదికి సగటున సుమారు 550 మిల్లీమీటర్ల వాన మనకు దక్కును. అదియును నమ్ముకొనదగినది కాదు. ఇట్టి సీమలో పడవ మాట యేలయని మీకు తోచవచ్చును.

కాని ఇది చెరువుల సీమ కూడ. బుక్కరాయసముద్రము, బుక్కపట్టణము అను ఊళ్లు విజయనగర ప్రభువగు బుక్కరాయని పేరును నేటికిని మోయుచున్నవి. 2022లో పాత జిల్లా రెండుగా విడిపోయినను ఆ చెరువుల కథ ఒక్కటే. తుంగభద్ర ఎగువ కాలువ నీరు మిడ్‌పెన్నార్, పెన్నహోబిలం జలాశయములకు వచ్చుచున్నది. హంద్రీ-నీవా కాలువ ద్వారా శ్రీశైలమునుండి కృష్ణాజలము జీడిపల్లికి చేరుచున్నది. నీరు నిలిచిన ప్రతి చోట చేపలుపట్టు కుటుంబములు పుట్టిపై ఆధారపడి జీవించుచున్నవి.

ఈ పుట్టి నేటిది కాదు. క్రీ.శ. 1520 ప్రాంతమున విజయనగరమునకు వచ్చిన పోర్చుగీసు యాత్రికుడు డొమింగో పేస్, ఆనెగొందివైపు తుంగభద్రను దాటించు పడవలను చూచి వర్ణించెను. అవి గంపలవలె గుండ్రముగ నుండుననియు, లోపల బెత్తపు అల్లికయు వెలుపల తోలుకప్పును ఉండుననియు, పదునైదు ఇరువదిమందిని మోయుననియు, నడుపునప్పుడు గిరగిర తిరుగుచునే సాగుననియు వ్రాసెను. అంతకు సుమారు రెండువేల సంవత్సరములకు మునుపు గ్రీకు చరిత్రకారుడు హెరొడోటస్ బాబిలోను నదిలో తోలుతో కప్పిన గుండ్రని పడవలను గూర్చి చెప్పియున్నాడు. అచ్చటివారు ప్రవాహమువెంట దిగివచ్చి, సరకు అమ్ముకొని, పడవ చట్రమును గూడ అమ్మివేసి, తోలును గాడిదపై వేసికొని ఇంటికి మరలెడివారట. పని తీరగనే విప్పివేయు పడవ వారిది. మన పుట్టి అట్లు కాదు. అది ఏండ్ల తరబడి గట్టుమీద ఎదురుచూడవలెను.

ఇచ్చటనే మనము గమనింపదగిన విషయమున్నది. నదీతీరపు పడవను నీరు చెరచును. మన పుట్టిని ఎండ చెరచును. నిత్యము నీటిలో నుండు పడవలో చెడుగు వెంటనే తెలియును. అడుగు తడిసినచో మనిషి మేలుకొనును. గట్టుపై బోర్లించిన పుట్టి మాత్రము చప్పుడు లేకుండ చెడును. ఎండకు తారు పగులును. వెదురు ఎండి పెళుసగును. నేలనంటిన అంచును చెదలు తినును. చూచుటకు మాత్రము పుట్టి పుట్టివలెనే యుండును. నీరు వచ్చిననాడు దానిని నీటిలోనికి త్రోసి, మధ్యకు పోయిన తరువాత దాని గుట్టు బయటపడును.

మన భక్తియు ఇట్టిదే కాదా? ఆపద వచ్చినప్పుడు లింగమును తలచుకొనుట ఎవరికైనను సాధ్యమే. పనిలేని కాలమున, పరీక్షలేని కాలమున భక్తికి చెదలు పట్టకుండ కాపాడుకొనుట కష్టము. మెడలో లింగమున్నది, నుదుట విభూతియున్నది, చూచుటకు అంతయు సరిగానే యున్నది. బోర్లించిన పుట్టియు చూచుటకు సరిగానే యుండును.

ఒక పుట్టిలో నలుగురు శరణులు

"పుట్టి బాగుచేయుట బెస్తవారి పని. లింగవంతులకు దానితో నేమి?" అని అడుగువారు మనలో లేకపోలేదు. వారికి సమాధానము పన్నెండవ శతాబ్దమునందే కల్యాణములో లభించినది.

పుట్టిని ఒక్కసారి విప్పి చూడుడు. అందు మొదటిది వెదురు అల్లిక. వెదురు పని చేసి జీవించిన శరణుడు మేదర కేతయ్య. రెండవది తోలు. నేడు పట్టలు వచ్చినవి గాని, పూర్వము పుట్టికి తోలే కప్పు. తోలుపని చేసిన శరణుడు హరళయ్య. మూడవది అంచును బిగించు త్రాడు. గడ్డికోసి త్రాళ్లు పేని అమ్మి జంగమదాసోహము చేసినవాడు నులియ చందయ్య. నాలుగవది పుట్టిని నడుపు చేయి. అది అంబిగర చౌడయ్యది. అంబిగుడనగా పడవ నడుపువాడు. ఈ నలుగురిలో ఏ ఒక్కరు లేకున్నను పుట్టి లేదు. ఈ నలుగురును అల్లమప్రభువు అధ్యక్షుడుగా, బసవేశ్వరుడు స్థాపకుడుగా వెలసిన శరణసమూహమున సమానముగ గౌరవింపబడినవారే.

అంబిగర చౌడయ్య విషయమున ఒక విశేషమున్నది. వచనకారులు సాధారణముగ తమ ఇష్టదైవము పేరును వచనము చివర ముద్రికగా పెట్టుదురు. బసవేశ్వరుని ముద్రిక కూడలసంగమదేవుడని మీకు తెలియును. చౌడయ్య మాత్రము తన పేరునే, తన వృత్తితో కలిపి ముద్రికగా పెట్టెను. వచనము చివర పడవవాడు నిలుచును. తన కాయకమును దాచుకొనవలసిన అవసరము ఆయనకు కలుగలేదు. డాంబికమును, వేషభక్తిని ఆయన ఖండించినంత కఠినముగ ఖండించిన శరణులు తక్కువ. పడవవానికి కఠినత్వము సహజమే. చిల్లిని చిల్లియని చెప్పనివాడు రేవునకు పనికిరాడు.

నులియ చందయ్యను గూర్చి పరంపరలో ఒక కథ చెప్పుదురు. గడ్డి కోయుచుండగా ఆయన ఇష్టలింగము జారి పడెనట. ఆయన కాయకమును ఆపలేదట. జంగమునకు అన్నము పెట్టు పని ఆగరాదని ముందునకు సాగగా, లింగమే ఆయన వెంటబడి వేడుకొనెనట. ఈ కథ లింగమును తక్కువచేయుట కొరకు పుట్టినది కాదు. నలుగురికి అన్నముపెట్టు పనిని విడిచినచో లింగపూజయు నిలువదని నేర్పుటకు పుట్టినది. కాయకములోనే కైలాసమున్నదని శరణులు చెప్పినదానికి అర్థమిదియే.

హరళయ్య కథ ఇంకను గంభీరమైనది. ఆయన కుమారునకును, బ్రాహ్మణ జన్మమున పుట్టి శరణుడైన మధువరసుని కుమార్తెకును జరిగిన వివాహము కల్యాణమును కదిలించివేసెను. తండ్రులిద్దరికిని మరణశిక్ష పడెను. శరణులు చెదరిపోయిరి. తోలును వెదురును ఒకచోట కుట్టుటకు కల్యాణము అంత మూల్యము చెల్లించెను. పుట్టిని చూచిన ప్రతిసారి నాకు ఆ కుట్టు జ్ఞాపకము వచ్చును. కప్పు చట్రమును విడిచిన చోటనే పుట్టి చెడుట మొదలగును. మన సమాజములోను కులమును, వృత్తిని తక్కువచేసి చూచు చూపు ఎచ్చట ప్రవేశించునో అచ్చటనే నీరు లోనికి వచ్చును. పెండ్లిచూపులలో, పంక్తిభోజనములలో, పేరు వెనుక పేరు వెదకుటలో ఆ కుట్టు విడిపోవుచున్నదా లేదా అని ఎవరికి వారు చూచుకొనవలెను.

బాగుచేయు క్రమము

ఆ ముసలివాని ప్రక్కన నేను ఒక పూట కూర్చుంటిని. ఆయన చేయుచు చెప్పిన పనిని మీకు యథాతథముగ చెప్పెదను. పుట్టియున్నవారికిది పనికివచ్చును. లేనివారికి అంతకంటె ఎక్కువ పనికివచ్చును.

మొదటి పని, వెలుతురు చూచుట. మిట్టమధ్యాహ్నము పుట్టిని బోర్లించి దానిక్రింద దూరవలెను. లోపల చీకటి. చిల్లియున్న ప్రతిచోట ఎండ చుక్కవలె మెరయును. ఆ చుక్కలచుట్టు సుద్దతో గీత గీయవలెను. పుట్టిలో నీరుపోసి ఎచ్చట కారుచున్నదో చూచుట మరియొక పద్ధతి. కాని కరవు సీమలో ఆ నీరెచ్చట తేగలము? కావున మనవారు వెలుతురుతో పరీక్షింతురు. బయట నిలిచి చూచువానికి ఒక్క చిల్లియు కనబడదు. తన పుట్టిక్రింద తానే దూరిన వానికే కనబడును. ఆత్మపరీక్ష అనగా నిదియే. ఇతరుల పుట్టిలో చిల్లులు గట్టుమీద నుండి లెక్కించువారు చాలమంది. తన చీకటిలో తాను కూర్చుండి చూచుకొనువారు కొందరే.

రెండవ పని, గీకుట. పగిలిన పాత తారుపై క్రొత్త తారు పూసినచో నల్లగా నిగనిగలాడును, గాని నిలువదు. పొరక్రింద పొర లేచిపోవును. లేచిన తారునంతయు కొడవలి వెనుకతో గీకి, దుమ్ము దులిపి, పట్టను బాగుగ ఆరనీయవలెను. తడిపై తారు అంటదు. ఈ పనికి శ్రమ ఎక్కువ, కనబడునది తక్కువ. అందుచేతనే చాలమంది దీనిని వదలివేయుదురు. తప్పును ఒప్పుకొనక దానిపై వ్రతములు పూయువారు పాత తారుపై క్రొత్త తారు పూయువారే.

మూడవ పని, వెదురు. ప్రతి బద్దను బొటనవ్రేలితో నొక్కి చూడవలెను. పిండి రాలినచో పుచ్చినదని అర్థము. పుచ్చిన బద్దను తీసివేయవలెను. క్రొత్తబద్దను ఎండుగా నున్నప్పుడే వంచినచో విరుగును. నీటిలో నానవేసి, మెత్తబడిన తరువాత, మెల్లగ వంచి అల్లికలో దూర్చవలెను. తరువాత అంచును త్రాటితో బిగించవలెను. అంచు వదులైన పుట్టి బరువు పడగనే ఆకారము తప్పును. పిల్లలను పెంచుటలో తల్లిదండ్రులు ఈ సంగతి మరువరాదు. ఎండువెదురును బలవంతముగ వంచువాని చేతిలో మిగులునది విరిగిన ముక్కలే.

నాలుగవ పని, అతుకు. అతుకు చిల్లికంటె ఎంతో పెద్దదిగ నుండవలెను. చిల్లిచుట్టు జానెడు మంచి పట్టను కలుపుకొని దబ్బనముతో దగ్గరదగ్గరగా కుట్టవలెను. చిల్లియంతే అతుకు వేసినచో కుట్టు పుచ్చిన పట్టలోనే పడి ఊడిపోవును. ఒకని తప్పును సవరింపగోరువాడు వాని తప్పును మాత్రమే పట్టుకొనరాదు. వాని చుట్టునున్న మంచిని గూడ కలుపుకొని కుట్టవలెను.

ఐదవ పని, తారు. తారును చిన్నమంటపై మెల్లగ కరిగించవలెను. ఈ పనిని ఆరుబయట చేయవలెను. పిల్లలను దూరముగ నుంచవలెను. కాగుచున్న తారులో నీటిచుక్క పడినను అది చిట్లి ఒడలు కాల్చును. మంటపై నున్నప్పుడు కిరసనాయిలుగాని పెట్రోలుగాని కలుపరాదు. తారు అంటుకొన్నచో నీరు చల్లరాదు. ఇసుకను ముందుగనే ప్రక్కన పెట్టుకొనవలెను. పలుచగ ఒక పూత పూసి, అది గట్టిపడిన తరువాత రెండవ పూత పూయవలెను. దళసరిగ ఒక్కసారి పూసినచో ఎండకు జారిపోవును. ఒక్క శివరాత్రికి రాత్రంతయు మేలుకొని మిగిలిన యేడంతయు నిద్రించువాని భక్తి దళసరి పూత వంటిది. దినదినము చేయు లింగపూజ పలుచని పూత. పొరపై పొర చేరి నిలుచును.

చివరి పని, పరీక్ష. బాగుచేసిన పుట్టిలో ముందుగ మనుష్యులు ఎక్కరాదు. మోకాలులోతు నీటిలో ఖాళీగ విడిచి ఒక రాత్రి గడపవలెను. తెల్లవారి లోపల తడి లేకున్నచో ఇసుకసంచులు వేసి చూడవలెను. ఆపైననే మనిషి ఎక్కవలెను. నీరు లేని యేడు మాత్రము పుట్టిని రాళ్లపై ఎత్తి, నేలకు తగులకుండ, నీడపట్టున నుంచవలెను.

ఈ పనులలో ఏ ఒక్కటియు డబ్బుతో కొనదగినది కాదు. కొంత తారు, కొంత పట్ట, ఒక దబ్బనము, నాలుగు వెదురుబద్దలు. మిగిలినదంతయు చేయి, కన్ను, ఓపిక. తన పుట్టిని తానే బాగుచేసికొన్నవానికి ఏ బద్ద బలమెంతయో తెలియును. ఎంత బరువు మోయునో తెలియును. ఇతరులచేత చేయించుకొన్నవానికి ఆ జ్ఞానము రాదు. కాయకము కూలికి మాత్రమే కాక జ్ఞానమునకును మార్గమని శరణులు చెప్పినది ఇందుకే.

చిన్నది యని వదలినది

2024 ఆగస్టు 10వ తేదీ రాత్రి తుంగభద్ర ఆనకట్టలోని 33 గేట్లలో 19వ గేటు గొలుసు తెగి, ఆ గేటు ప్రవాహములో కొట్టుకొనిపోయినది. ఆ యేడు నిండిన జలాశయమును చూచి సంతోషించుచున్న రైతుల గుండెలు ఆగినంత పనియైనది. ఆ నీరే మన ఎగువ కాలువకు ఆధారము. ప్రవహించుచున్న నీటిలోనే తాత్కాలిక పలకలు దించి, వారముదినములలో ఇంజనీర్లును పనివారును దానిని మూసివేసిరి. వారి సాహసమును కొనియాడవలెను. ఎవరినో నిందించుటకు ఈ మాట చెప్పుటలేదు. అంతటి ఆనకట్టకును ఒక గొలుసే ఆధారమైనది. లంకెలలో ఒక్కటి బలహీనమైనచో మిగిలిన లంకెల బలము దానిని కాపాడలేదు.

బుక్కరాయసముద్రము చెరువునకు గండి పడినప్పుడు ఊరికొరకు తన్ను అర్పించుకొన్న ముసలమ్మ కథ మన సీమలో ఎరుగనివారు లేరు. ఆ తల్లిని తలచి మనము కన్నీరు పెట్టుదుము. పెట్టవలసినదే. కాని గండి ఒక్కనాడు పడదు. మొదట గట్టుకు చెమ్మ పట్టును. పిదప చిన్న ధార కారును. ఆనాడు నాలుగు తట్టల మట్టి వేయు చేతులు ఊరిలో కలవు. ఆ నాలుగు తట్టలు వేయని ఊరు తరువాత ఒక కోడలి ప్రాణమును అడుగును. త్యాగమును పొగడుటకంటె త్యాగము అవసరము లేకుండ చేయుట గొప్ప ధర్మము.

ఇంకొక దుఃఖమును గూడ తలచుకొనవలసియున్నది. 2017 ఏప్రిల్ 28న గుంతకల్లు మండలములోని ఎర్రతిమ్మరాజు చెరువులో విహారమునకు బయలుదేరిన చిన్నపడవ మునిగి పదిమందికి పైగా మరణించిరి. అందు పసిపిల్లలు ఉండిరి. శుభకార్యమునకు కూడిన బంధువుల ఇంట శవములు చేరెను. పట్టదగిన సంఖ్యకు మించి ఎక్కుటయే కారణమని నాడు వార్తలు తెలిపినవి. కరవు సీమ బిడ్డలు నీటిని చూచి సంతోషించుటలో తప్పులేదు. ఏండ్లకొకసారి వచ్చు అతిథివంటిది మనకు నీరు. కాని ఈత రాని పిల్లలు, నీటి లోతు తెలియని పెద్దలు, ఎందరు ఎక్కవలెనో చెప్పువారు లేని రేవు, ఈ మూడును కలిసినచోట ఏ తారుపూతయు కాపాడలేదు.

కావున పుట్టిని బాగుచేయుటతో కాయకము ముగియదు. "చాలు, ఇంక ఎక్కవద్దు" అని బంధువుల ముఖము చూడక చెప్పగలుగుట కూడ పడవవాని కాయకమే. మొగమాటముచే ఒక్కనిని అదనముగ ఎక్కించుకొన్నవాడు అందరికిని ద్రోహము చేసినవాడగును. చౌడయ్య కఠినత్వము మనకు కావలసినది ఇచ్చటనే.

ఇంటను, మఠమునను

శివశరణ బంధువులారా! బసవజయంతి వైశాఖ శుద్ధ తదియనాడు వచ్చును. అది నడివేసవి. చెరువులు ఎండియుండును. వానలకు ఇంకను వ్యవధియుండును. పుట్టిని బాగుచేయుటకు అంతకంటె తగిన కాలము లేదు. ఊరేగింపులు చేయుడు, వచనములు పాడుడు. వానితోపాటు ఆనాడు ప్రతి ఇంటను ఏదో ఒక పాడైన వస్తువును కుటుంబమంతయు కూర్చుండి బాగుచేయుడు. నాగలి కావచ్చును, మంచము నవారు కావచ్చును, బావి గిలక కావచ్చును. పిల్లలచేతికి దబ్బనము ఇయ్యుడు. పని నేర్చిన చేయి పనివానిని తక్కువచేసి చూడదు. చదువుకొన్న మన యువకులు చేతిపనికి సిగ్గుపడుచున్నారను మాట వినబడుచున్నది. వారికి ఆ సిగ్గును నేర్పినది మనమే. దానిని పోగొట్టవలసినవారమును మనమే.

మఠాధిపతులకు వినయముతో ఒక విన్నపము. మఠములలో అన్నదాసోహము శతాబ్దములుగా నడచుచున్నది. చెరువునకు, జలాశయమునకు సమీపమున నున్న మఠములు వేసవిలో ఒకనాడు పుట్టిదాసోహము చేయవచ్చును. పుట్టిగల పేద కుటుంబములకు ఏ కులమని అడుగక తారు, పట్ట, వెదురు ఇచ్చి, బాగుచేయుటకు చోటు చూపవచ్చును. ప్రాణరక్షణకు తొడుగు లైఫ్ జాకెట్లను కొన్నిటిని కొని రేవునందుంచవచ్చును. మఠపు పాఠశాలలలో ఆకలికి అన్నము పెట్టుచున్న చేతులే పిల్లలకు ఈత నేర్పు ఏర్పాటును గూడ చేయవచ్చును. మునుగువానికి అందించిన చేయి లింగపూజకంటె తక్కువది కాదు.

మరుసటి వేసవిలో నేను మరల ఆ దారిని పోయితిని. ఆ యేడును వానలు సరిగా కురియలేదు. చెరువులో నెర్రెలు ఇంకను లోతుగ విచ్చియుండెను. పుట్టి చింతచెట్టు క్రింద లేదు. "పుట్టి యేమాయెను?" అని గట్టుమీద కనబడిన అదే ముసలివానిని అడిగితిని. అమ్ముకొనెనేమో యని నా భయము.

"కాలువనీళ్లు వచ్చిన చోటికి మా చెల్లెలి కొడుకు ట్రాక్టరు మీద వేసుకోని పోయినాడు సామీ. అక్కడోళ్ల పుట్టి చీకిపోయింటే, మనది గట్టిగా ఉందని తీసుకుపోయినాడు. ఇక్కడ నీళ్లొస్తే తెచ్చిస్తాడు" అనెను. కొంతసేపు ఊరకుండి, "రాకపోతే అక్కడే తిరగనీ. పుట్టి తిరగల్ల, నాలుగిళ్లు తినల్ల, అంతే గదా" అనెను.

తన చెరువు నిండలేదని ఆయన పని వ్యర్థము కాలేదు. ఆయన ఎండలో కూర్చుండి వేసిన కుట్టు మరియొక ఊరిలో నీటిపై తేలుచున్నది. కాయకము, దాసోహము వేరువేరని మనము వ్యాసములు వ్రాయుదుము. ఆ గట్టుమీద అవి ఒక్కటియై కనబడినవి.

నీరు ఎప్పుడు వచ్చునో మన చేతిలో లేదు. వచ్చిననాడు మన పుట్టి ఎట్లుండవలెనో మన చేతిలోనే యున్నది. ఈ వేసవి దాటకమునుపే ఎవరి పుట్టిక్రింద వారు ఒక్కసారి దూరి వెలుతురు చూచుకొందురుగాక. సుద్దముక్క చేతిలో పెట్టుకొని పొండు. మరువవద్దు.

శరణు శరణార్థి.